ధూళిలోని విషము

నల్లగొండ జిల్లాకు విషజలముతోడి పరిచయము నేటిది కాదు. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వెలువడెను. పిమ్మట మిషన్ భగీరథ యని పేరందిన జలపథకమునకు చౌటుప్పలులో పునాదిరాయి పడినది 2015లో. నడుమ కొన్ని ప్రయత్నములు జరిగినను, అరువది యేండ్లు గడచిపోయినవి. నడుము వంగినవారు కన్నులయెదుట నుండగనే యింత జాగైనచో, కంటికి కానరాని హాని మాట యేమి?

అట్టి హాని మన యిండ్లలోనే యున్నది. సోఫా మెత్తలోని ఫోము, టీవీ పెట్టె, కరెంటు తీగల తొడుగు మున్నగునవి త్వరగా నిప్పంటుకొనకుండుటకై కొన్నింటిలో రసాయనములు కలుపుదురు. ఉద్దేశము మంచిదే. కాని వీనిలో పెక్కు ప్లాస్టిక్కుతో గట్టిగా పెనవేసికొనక, క్రమముగా వెలికివచ్చి ధూళిలో చేరును. ఊపిరితోను, చేతినుండి నోటికిని దేహమున ప్రవేశించును. బ్రోమిను గలవి కొన్ని క్రొవ్వులో ఏండ్లతరబడి నిలుచును. పురుష హార్మోను పనికి అడ్డుపడునని ప్రయోగశాలలలో తేలినది. అమెరికాలో సంతాన చికిత్సాలయమునకు వచ్చిన 50 మంది పురుషుల యిండ్ల ధూళిని శోధించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, ట్రైఫినైల్ ఫాస్ఫేటు హెచ్చిన కొలది వీర్యకణముల సాంద్రత తగ్గినట్లు కనబడెను. ఏబదిమందిని జూచి సిద్ధాంతము చేయరాదు, నిజమే; కాని హెచ్చరికను పెడచెవిని బెట్టుటయు తగదు.

మన సంఘమున నింద మాత్రము వేరొకచోట పడుచున్నది. బిడ్డలు కలుగనిచో గొడ్రాలని భార్యను దూరుదురు. ఆమెను గుడులకును ఆసుపత్రులకును త్రిప్పుదురు. రెండవ పెండ్లి మాట యెత్తుదురు. భర్త మాత్రము నొప్పిలేని యొక్క పరీక్షకు సిగ్గుపడును! సంతానహీనతలో దాదాపు సగము సందర్భములందు పురుషుని లోపము కూడ కలదని వైద్యులు చెప్పుచుండగా, ఇది సిగ్గా, అన్యాయమా?

2018 నిబంధనలచే మన దేశము ఈ తెగలోని కొన్ని బ్రోమిను రసాయనములను నిషేధించినది. సంతోషమే. కాని వానికి బదులుగా వచ్చిన ఫాస్ఫేటు జాతివి ఆ పట్టికలో చేరలేదు. పాత వస్తువులు పాత సామానుల దుకాణములకు చేరుచునే యున్నవి. వానిని పగులగొట్టి, రాగికై తీగలు కాల్చు కూలీ ఆ పొగను పీల్చుచున్నాడు.

మహబూబునగరులోను నల్లగొండలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు గలవు. అవి యీ కూలీల ఆరోగ్యమును, మన యిండ్ల ధూళిని శోధింపవలెను. కొనువానికి తెలియునట్లు వస్తువుపై రసాయనము పేరు ముద్రింపవలెను. సంతానము కోరు దంపతులలో భర్తకును మొదటనే పరీక్ష జరుగవలెను. అంతవరకు తడిగుడ్డతో ఇల్లు తుడుచుట, భోజనమునకు ముందు చేతులు కడుగుట, తీగలు కాల్చకుండుట మనచేతిలోని పనులు.

నీటిలోని విషమునకు అరువది యేండ్లు వేచితిమి. ధూళిలోని విషమునకును అట్లే వేచినచో, అది మన యోర్మికి గాక మన యజాగ్రత్తకు గురుతగును.