చుక్కల లెక్క రాయని ముగ్గులు



మా అమ్మ దగ్గర ఓ పాత ముగ్గుల పుస్తకం ఉంది. ప్రతి ముగ్గు పక్కనా “15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు” అన్నట్టు ఓ ముక్క రాసి ఉంటుంది. ఆ ముక్క లేకపోతే బొమ్మ కళ్లెదుటే ఉన్నా వాకిట్లో ముగ్గు పడదు. కంప్యూటరు మీద ఫ్రాక్టల్ చిత్రాలు వేసే మనవాళ్ల అవస్థ సరిగ్గా ఇదేనని నా అభిప్రాయం.

ఫ్రాక్టల్ అన్న మాటను 1975లో మాండెల్‌బ్రాట్ పుట్టించాడు. ఏ చిన్న భాగాన్ని పెద్దది చేసి చూసినా మొత్తాన్ని పోలిన రూపమే మళ్లీ కనబడటం దాని తీరు. 1992లో స్కాట్ డ్రేవ్స్ ‘ఫ్లేమ్’ అనే పద్ధతిని కనిపెట్టాడు. ఆ పద్ధతి మీద మార్క్ టౌన్‌సెండ్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేరే అపోఫిసిస్. అందులో తెరమీది త్రిభుజాలను మౌసుతో జరుపుతూ బొమ్మ దిద్దుకోవచ్చు. లేదా పాస్కల్‌ను పోలిన భాషలో చిన్న స్క్రిప్టు రాసి, “6 త్రిభుజాలు పెట్టు, ఒక్కోదాన్నీ 60 డిగ్రీలు తిప్పు” అని ఆజ్ఞాపించవచ్చు. చేత్తో గంట పట్టే పని పది పంక్తుల్లో తేలిపోతుంది.

పేచీ ఎక్కడంటే, ఈ స్క్రిప్టులు ఒకచోట ఉండవు. ఎవరి సొంత పేజీలోనో ఒకటి, ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో మరొకటి. ఉచిత పేజీలకు నెలవైన జియోసిటీస్ 2009లో మూతపడ్డప్పుడు అభిరుచి కొద్దీ జనం రాసుకున్నవెన్నో గల్లంతయ్యాయి.

కిందటేడు ఎగ్జిబిషన్‌కి మా సీనియరు ఒకాయన వదిలివెళ్లిన స్క్రిప్టు పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. అది కోరే ప్లగిన్ 32 బిట్లది. మా లాబ్‌లో ఉన్నది 64 బిట్ల అపోఫిసిస్. ఈ సంగతి ఆ ఫైల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే, “నేను రాసింది కాదోయ్, ఎవరో ఇచ్చారు” అన్నాడాయన. చివరికి అట్టకు అంటించిన పాత ప్రింటు ఒకటి పెట్టాం. ఫస్టియర్ అమ్మాయి ఒకతె దాని ముందు చాలాసేపు నిలబడి, “అన్నా, ఇది ఎలా వేశారు?” అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

“వెతికితే దొరకదా?” అంటారు. దొరుకుతుంది, ఒట్టి ఫైలు! అది ఏ వెర్షన్‌కి, ఎవరి కష్టం, వాడుకోవచ్చా లేదా అన్నది దొరకదు.

ఇది కాని పనేం కాదు. ఫ్రాక్టింట్ వాడేవాళ్లు రాసిన సూత్రాలను జార్జి మార్టిన్ అనే ఆయన ఏరి, ఆర్గ్‌ఫారం పేరిట ఒకచోట చేర్చాడు. అల్ట్రా ఫ్రాక్టల్ వారికి అందరూ తమ సూత్రాలు దాఖలు చేసుకునే భాండారమే ఉంది. అక్కడ ఎవరో పూనుకున్నారు గనుక అయింది.

మన యూనియన్‌ని నేను కోరేది లక్షలు కాదు, లైబ్రరీ కంప్యూటర్లో ఒక ఫోల్డరు. ప్రతి స్క్రిప్టు వెంట రాసినవారి పేరు, వారి అనుమతి, వెర్షన్, కావలసిన ప్లగిన్లు, అది ఏం చేస్తుందో తెలుగులో నాలుగు మాటలు, వచ్చే బొమ్మ ఉంటే చాలు. అధ్యాపకులకూ ఒక మనవి. ప్రాజెక్టు రికార్డుకు బైండింగు చూసి మార్కులు వేసేకన్నా, ఈ కాగితం జతచేశారా అని ఒక్కసారి అడగండి. పూర్వ విద్యార్థులారా, మీ పాత డిస్కులు అటకెక్కక ముందే ఓసారి తిరగేయండి.

ఒకరికి నీతులు చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి గదా! నేను రాసిన ఏడు స్క్రిప్టులు ఇన్నాళ్లూ నా లాప్‌టాప్‌లోనే మగ్గాయి. ఈ సంచిక అచ్చుకు వెళ్లేలోగా వాటిని చుక్కల లెక్కతో సహా లైబ్రరీలో ఇస్తున్నాను. ఎనిమిదోది మీరు తెండి.