ఫైర్ లైన్ మంటలకు బాధ్యులెవరో తేల్చాలని కోరుతూ జిల్లా కలెక్టర్ గారికి వినతిపత్రం

తేదీ: 17-11-2025, సోమవారం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నల్లమల అంచు గ్రామాల రైతులు, అటవీ ఫలసాయం మీద బతికే కుటుంబాల తరఫున మా రైతు సంఘం సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: అటవీ శాఖ వారు ఫైర్ లైన్ల కోసం పెట్టిన మంటలు అదుపు తప్పి పట్టా భూముల్లో తోటలు, వాములు కాలిపోవడం, బాధ్యుల నిర్ధారణ, నష్టపరిహారం, ఇకపై పాటించవలసిన పద్ధతి గురించి.

ఆర్యా,

పై విషయం తమ కార్యాలయానికి కొత్త కాదు. దీని మీద 2022 మార్చి 21న, అదే ఏడు జూలై 11న, 2023 జనవరి 30న, 2024 జూలై 8న, 2025 మార్చి 10న అర్జీలు ఇచ్చి ఉన్నాము. ఈ మధ్యలో కలెక్టర్లు మారారు, ప్రభుత్వం మారింది, సోమవారం అర్జీల కార్యక్రమానికి పేరు కూడా మారింది. మా అర్జీలో విషయం మాత్రం మారలేదు. ప్రతిసారీ రసీదు ఇచ్చారు. ప్రతిసారీ కొన్నాళ్లకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే ‘తగు చర్య నిమిత్తం అటవీ శాఖకు పంపడమైనది’ అన్న ఎండార్స్‌మెంట్ చూపించారు. ఎవరి మీద ఫిర్యాదు చేశామో వారి చేతికే కాగితం ఇచ్చి పరిష్కారమైందని రాసుకోవడం ఏ పద్ధతో తమరే సెలవివ్వాలి. పూర్వాపరాలన్నీ మళ్లీ రాయడం లేదు. ఫైలు తెప్పించుకుంటే అన్నీ అందులోనే ఉన్నాయి.

ఒక్క మాట ముందే మనవి చేసుకుంటున్నాము. అడవిలో మంట పెట్టవద్దని మేము అనడం లేదు. ఎండాకాలం రాకముందే బాటల వెంట, హద్దుల వెంట గడ్డి కోసి, బోదను కాల్చి ఖాళీ పట్టీలు చేయకపోతే ఏప్రిల్‌లో ఎవడో పారేసిన బీడీ ముక్కకు కొండ కొండే తగలబడుతుందని మాకు తెలుసు. ఆ పనికి కూలికి పోయేదీ మేమే. ఎప్పుడు అంటించాలి, ఎటునుంచి అంటించాలి, ఎవరు కాపలా ఉండాలి అన్నది పట్టించుకోకుండా అంటించి, దాటిన తర్వాత ‘మాకు తెలియదు’ అనడం మీదనే మా ఫిర్యాదు.

1. 2022 మార్చి 15 నాటి మంట

ఆ ఏడు ఫైర్ లైన్ల పని జనవరిలో మొదలు కాలేదు. నిధులు రాలేదన్నారు. తీరా ఆర్థిక సంవత్సరం ముగింపుకొచ్చేసరికి, మార్చి 31లోగా బిల్లులు పెట్టాలని మార్చిలో ఆదరాబాదరాగా మొదలుపెట్టారు. గడ్డి కోసి కుప్పలు వేసి పది రోజులు అలాగే వదిలేశారు. మంగళవారం, 15వ తేదీన, పొద్దుటి చల్లపూట వదిలిపెట్టి మిట్టమధ్యాహ్నం పన్నెండు దాటాక అంటించారు. మా పక్క మార్చిలో మధ్యాహ్నం పడమటి గాలి ఎలా తిరుగుతుందో పశువులు కాసే పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అడవి మాకు పడమరన ఉంది. పొలాలు తూర్పున ఉన్నాయి.

పనిలో ఉన్నది నలుగురు కూలీలు, ఒక ఫైర్ వాచర్. ఒక బ్లోయర్ ఉంది, అందులో పెట్రోలు లేదు. నీళ్ల ట్యాంకర్ లేదు. హద్దు వెంట ఒక్కో ముక్క కాల్చి, ఆరాక ముందుకు పోవలసింది పోయి, కిలోమీటరు పొడవునా ఒకేసారి అంటించారు. రెండు గంటలకు అన్నాలకు వెళ్లారు. వాగు మలుపు దగ్గర వెదురు పొదకు నిప్పు అందింది. గణుపులు పేలి రవ్వలు ఎగిరాయి. ఎండిపోయిన వాగులో పేరుకున్న ఆకు అంటుకుంది. మూడున్నర ప్రాంతంలో మంట హద్దు రాళ్లు దాటి మామిడి తోటల్లోకి వచ్చింది. పచ్చి వేప కొమ్మలతో కొట్టి, స్ప్రేయర్ ట్యాంకులతో నీళ్లు చల్లి ఆర్పింది ఊరి వాళ్లే. అగ్నిమాపక వాహనం వచ్చేసరికి చీకటి పడింది. అప్పటికి ఆర్పడానికి మిగిలింది లేదు.

ఎనిమిది మంది రైతులవి మామిడి 14 ఎకరాలు, బత్తాయి 6 ఎకరాలు, తొమ్మిది గడ్డివాములు, కళ్లంలో ఉన్న కంది కట్టె, డ్రిప్పు పైపులు, మూడు మోటార్ల స్టార్టర్ డబ్బాలు, కేబుళ్లు కాలిపోయాయి. మామిడి అప్పుడే పిందె మీద ఉంది. చెట్లు ఒక్కసారిగా చావలేదు. పడమటి వైపు బెరడు నిలువునా పగిలి జిగురు కారింది. తూర్పు వైపు కొమ్మలు ఆ వానాకాలం చిగురించాయి. మరుసటి ఏడు పూత రాలేదు. మూడో ఏడు రంపం పెట్టాల్సి వచ్చింది. చూడడానికి వచ్చిన అధికారి ఆ తూర్పు వైపు చిగురును ఫోటో తీసుకుని ‘చెట్లు కోలుకున్నవి’ అని రాశారు. రెండో వైపుకు తిరిగి చూడలేదు.

కారణం గురించి శాఖ వారు మూడుసార్లు మూడు మాటలు చెప్పారు. మొదట గొర్రెల కాపరులన్నారు. తర్వాత ఇప్పపూలు ఏరేవాళ్లన్నారు. చివరికి శ్రీశైలం నడిచి వెళ్లే శివరాత్రి భక్తులు వంట చేసుకుని నిప్పు ఆర్పకుండా పోయారన్నారు. ఆ ఏడు శివరాత్రి మార్చి 1న. రెండు వారాల తర్వాత అడవిలో వంట చేసుకున్న ఆ భక్తులెవరో, ఏ దేవుడికి వెళ్తున్నారో దయచేసి విచారించగలరు.

మా దగ్గర సాక్ష్యం లేదా అంటే ఉంది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా అడవి మంటలు గుర్తించి ఫోన్లకు సందేశాలు పంపుతుంది. పేరు నమోదు చేసుకున్న ఎవరికైనా వస్తాయి. మా ఊరి కుర్రవాడు నమోదు చేసుకున్నాడు. ఆ సాయంత్రం వచ్చిన సందేశంలో మధ్యాహ్నం నాటి మంట జాడ రిజర్వు ఫారెస్టు లోపల, సరిగ్గా ఫైర్ లైన్ పని జరిగిన చోటే ఉంది. అదే సందేశం శాఖ వారికి కూడా వెళ్లి ఉండాలి. ఆ ఉపగ్రహ పరికరం కొలత 375 మీటర్లు కాబట్టి కచ్చితంగా చెప్పలేమన్నారు. పొలాలు కాలక ముందే మధ్యాహ్నం అడవిలో మంట ఉందని చెప్పడానికి ఆ కొలత చాలదా?

అది చాలదంటే ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్‌లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాము. ముప్పై రోజుల్లో రావలసిన సమాధానం అప్పీలు చేశాక గానీ రాలేదు. వచ్చిన దాంట్లో మొదటి పేజీలో ‘సదరు తేదీన ఆ బీటులో నియంత్రిత దహనం ఏదీ జరగలేదు’ అని ఉంది. మూడో పేజీలో అదే బీటులో, అదే తేదీన, ‘ఫైర్ లైన్ శుభ్రపరచుట, కాల్చుట’ పద్దు కింద నలుగురికి కూలి చెల్లించినట్టు మార్చి 31 నాటి వోచరు నకలు ఉంది. రెండు పేజీల మీదా ఒకటే సంతకం. దీన్ని 2024 జూలై 8 అర్జీకి జతచేశాము. 2025 మార్చి 10 అర్జీకి మళ్లీ జతచేశాము. ఇప్పుడు మూడోసారి జతచేస్తున్నాము. చూసినట్టు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

పరిహారం సంగతి. అటవీ శాఖను అడిగితే పట్టా భూమి మా పరిధి కాదన్నారు. రెవెన్యూ వారిని అడిగితే మంట అడవిలో పుట్టింది కదా అన్నారు. ఉద్యాన శాఖ వారు ఇది ప్రకృతి వైపరీత్యం కాదు, ఎన్యూమరేషన్‌కు పై నుంచి ఉత్తర్వు లేదన్నారు. పోలీసులు అది రెండు శాఖల మధ్య వ్యవహారమని కేసు కట్టలేదు. నిప్పు విషయంలో నిర్లక్ష్యం అప్పటి ఐపీసీ 285 ప్రకారం నేరమే, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 287 ప్రకారమూ నేరమే. శాఖల వారికి మినహాయింపు ఉన్నట్టు అందులో మాకు కనిపించలేదు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి వర్తించే విపత్తుల జాబితాలో వరద, తుపాను, కరువులతో పాటు అగ్నిప్రమాదం కూడా ఉంది. బహువార్షిక తోటలకు అప్పటి కేంద్ర నిబంధన హెక్టారుకు రూ.18,000. మా 20 ఎకరాలు ఎనిమిది హెక్టార్ల పైచిలుకు. మొత్తం లక్షన్నర కూడా కాదు. 2022 ఏప్రిల్ నుంచి అదే రేటు రూ.22,500 అయింది. పదిహేడు రోజులు ఆగి కాలినా కొంచెం ఎక్కువ వచ్చేదేమో. ఆ లక్షన్నర కోసం ఎనిమిది కుటుంబాలు తిరిగిన బస్సు చార్జీలు, జిరాక్సులు, పోయిన కూలి లెక్కకు రాయలేదు. అడవి పంది పంట మేస్తే పరిహారానికి అటవీ శాఖలోనే ఒక పద్ధతి ఉంది. అటవీ శాఖ పెట్టిన మంట మేస్తే ఏ పద్ధతీ లేదు.

ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయని ఒక అధికారి మాతో అన్నారు. నిజమే. మా తోటలు కాలిన మూడు వారాలకు, 2022 ఏప్రిల్ 6న, అమెరికాలోని న్యూ మెక్సికోలో అటవీ శాఖ పెట్టిన నియంత్రిత మంట గాలికి దాటింది. చలికాలంలో అదే శాఖ కాల్చిన కట్టె కుప్పల అడుగున రాజుకుంటూ ఉండిపోయిన నిప్పు ఇంకొకచోట లేచింది. రెండూ కలిసి 3 లక్షల 41 వేల ఎకరాలు కాల్చాయి. మే 20న ఆ శాఖ అధిపతి దేశమంతటా ఇలాంటి మంటలు ఆపించి సమీక్షకు ఆదేశించారు. రెండు మంటలూ తమవేనని మే నెలాఖరుకు శాఖే ఒప్పుకుంది. ఎక్కడ లెక్క తప్పిందో జూన్‌లో నివేదిక బయటపెట్టింది. సెప్టెంబరు 30న పరిహారానికి చట్టమే వచ్చింది. 250 కోట్ల డాలర్లు కేటాయించారు, తర్వాత ఇంకా పెంచారు. డబ్బు చేతికి అందడంలో ఆలస్యమని అక్కడి వాళ్లూ గోల పెడుతున్నారు. కానీ ‘మేమే అంటించాము’ అన్న మాట రెండు నెలల్లో వచ్చింది. మాకు మూడేళ్ల ఎనిమిది నెలలైనా రాలేదు. కోట్ల డాలర్లు అడగడం లేదు. ఆ ఒక్క మాట రాతపూర్వకంగా అడుగుతున్నాము.

2. 2024 మార్చిలో మళ్లీ అదే హద్దు దగ్గర మంట దాటితే గూడెం చెంచులు ఇద్దరి మీద రాష్ట్ర అటవీ చట్టం కింద కేసు పెట్టారు. ఆ రోజు మంట ఆర్పడానికి వెళ్లింది వాళ్లే.

3. 2025 ఫిబ్రవరి నెలాఖరున మూడోసారి దాటి నాలుగు వాములు కాలాయి. పంచనామా ఇంతవరకు రాయలేదు.

4. ఫైర్ వాచర్లకు నిరుటి సీజన్ కూలి బకాయి ఉంది.

5. వన సంరక్షణ సమితి కాగితాల మీద ఉంది. సమావేశం జరిగినట్టు మాకెవరికీ తెలియదు.

6. మా మండలంలో అగ్నిమాపక కేంద్రం లేదు. ఇది కూడా పాత మనవే.

కోరికలు

(అ) అటవీ శాఖకు సంబంధం లేని అధికారితో, సబ్ కలెక్టర్ స్థాయికి తగ్గకుండా, 2022 మార్చి 15 మంట మీద విచారణ జరిపించి, నివేదిక నకలు మాకు ఇప్పించాలి. పైన చెప్పిన వోచరు మీద సంతకం చేసిన వారిని ఆ విచారణకు పిలిపించాలి.

(ఆ) మూడు మంటల్లో నష్టపోయిన వారికి విపత్తు సహాయ నిబంధనల కింద వెంటనే చెల్లించి, మిగిలిన నష్టం అటవీ శాఖ నుంచి ఇప్పించాలి.

(ఇ) ఏ బీటులో మంట పెట్టినా రెండు రోజుల ముందు ఊళ్లో దండోరా వేయించి, పంచాయతీ బోర్డు మీద తేదీ, వేళ, అనుమతి ఇచ్చిన అధికారి పేరు, దగ్గరుండి చేయించే వారి పేరు రాయించాలి. మంట దాటితే ఎవరిని అడగాలో ఆ బోర్డు చూసి తెలియాలి.

(ఈ) నిధులు డిసెంబరులోపు విడుదల చేసి, పని ఫిబ్రవరి సగానికి ముగించాలి. పొద్దున్నే చల్లపూట, ముక్కలు ముక్కలుగా, నీళ్ల ట్యాంకర్ పక్కన ఉంచుకుని మాత్రమే కాల్చాలి. మొద్దులు, వెదురు పొదలు చల్లారేదాకా రాత్రి కాపలా పెట్టాలి.

(ఉ) చెంచుల మీద కేసు ఎత్తివేయించాలి.

వీటిలో (ఇ)కి పైసా ఖర్చు లేదు. ఒక సుద్దముక్క చాలు. మూడేళ్లుగా అది కూడా జరగలేదు కనుక కఠినంగా రాయవలసి వచ్చింది, మన్నించగలరు.

జనవరిలో ఫైర్ లైన్ల పని మళ్లీ మొదలవుతుంది. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. రాని పక్షంలో ఇదే కాగితం, ఇవే జతలతో, హైకోర్టులో రిట్ వేయాలని సంఘం సమావేశంలో తీర్మానించాము. చివరి మనవి: ఈ వినతిపత్రాన్ని ‘తగు చర్య నిమిత్తం’ అటవీ శాఖకు పంపి పరిష్కరించవద్దు.

ఇట్లు,
తమ విధేయులు,
సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు వేరే కాగితం మీద)

జతపరచినవి: వెనుకటి అయిదు అర్జీల రసీదుల జిరాక్సులు, సమాచార హక్కు సమాధానం మొదటి, మూడో పేజీలు, ఉపగ్రహ సందేశం ప్రింటు, చెట్లకు రెండు వైపులా తీసిన ఫోటోలు.

నకలు: జిల్లా అటవీ అధికారి గారికి, సమాచారం నిమిత్తం మాత్రమే.