యాట్ కొలువు: ఓడ ఎవరిది, ఖర్చు ఎవరిది?

ఉద్దానం జీడితోటల మొదలు గోపాల్‌పూర్ ఇసుక తిన్నెల వరకు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రపు కొలువు కొత్తది కాదు. బ్రిటిష్ వారి కాలంలో గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం రేవుల నుంచి ఈ ప్రాంతపు జనం ఆవిరి ఓడలెక్కి రంగూను వెళ్లారు. యానాం చెంతనున్న కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిపోయింది. ఆనాడు కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి, తరువాత కూలిలో మినహాయించుకునేవాడు. ఆ బాకీ తీరక అనేకులు ఏళ్ల తరబడి అతని అదుపులోనే ఉండిపోయారు. ఈనాడు ఆ పద్ధతి తలకిందులైంది. సొమ్ము ఇచ్చే మేస్త్రీ పోయి, సొమ్ము పుచ్చుకునే ఏజెంటు వచ్చాడు. అప్పు మాత్రం నాడూ నేడూ ఇంటివారి నెత్తినే ఉన్నది.

సరుకు ఓడల కొలువుల పేరిట సాగే ఈ బేరంలోకి ఇప్పుడు యాట్ అనే మాట కూడా వచ్చి చేరుతున్నది. యాట్ అనగా ధనికుల విహార నౌక. తెల్లని ఓడ, నీలి సముద్రం, యూరోలలో జీతం. సెల్‌ఫోనులో ఆ బొమ్మ చూసిన పిల్లవానికి మనసు నిలవకపోవడం సహజం. ఆ కొలువు కల్పితం కాదు. కష్టపడేవారికి మంచి రాబడి ఉన్న వృత్తే అది. అయితే ఆ ఓడలో కాలు పెట్టే దారి ఎలాంటిది, ఆ దారిలో ఏ ఖర్చు ఎవరు భరించాలి అనే రెండు సంగతులు తెలియకుండా తోట కుదువపెట్టిన కుటుంబానికి మిగిలేది వడ్డీ మాత్రమే.

అద్దె యాట్ నడిచే తీరు

పెద్ద యాట్‌ల యజమానులలో చాలామంది ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే ఓడను తాము వాడుకుంటారు. మిగిలిన కాలంలో దానిని వారాల లెక్కన అద్దెకు ఇస్తారు. దీనినే చార్టర్ అంటారు. పెద్ద యాట్ వారం అద్దె లక్ష యూరోలు దాటడం సాధారణ విషయం. ఇంధనం, భోజన సామగ్రి, రేవు రుసుముల కోసం అద్దె మీద మరో పాతిక నుంచి ముప్పై అయిదు శాతం ముందుగా జమ చేయించుకుంటారు. ఇలా అద్దెకు తిరిగే యాట్‌లో సాధారణంగా పన్నెండుమందికి మించి అతిథులను ఎక్కించకూడదు. అంతకు మించితే ఆ నౌకకు ప్రయాణికుల ఓడలకు వర్తించే కఠిన నిబంధనలు వర్తిస్తాయి. పన్నెండుమంది అతిథులకు దాదాపు అంతేమంది సిబ్బంది, ఒక్కొక్కచోట అంతకు మించి కూడా, ఉండటం ఈ రంగంలోని ప్రత్యేకత.

మధ్యధరా సముద్రంలో మే నుంచి సెప్టెంబరు వరకు, కరేబియన్ ద్వీపాలలో డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ప్రధానమైన అద్దె కాలం. ఫ్రాన్సులోని ఆంటీబ్, స్పెయిన్‌కు చెందిన పాల్మా, అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులు సిబ్బంది నియామకాలకు పేరొందిన స్థలాలు. కొత్తగా చేరేవారు డెక్‌హ్యాండ్‌గానో, లోపలి గదులు సర్దే స్టివార్డుగానో మొదలుపెడతారు. డెక్‌హ్యాండ్ పని మోకులు పట్టడం, ఓడను కడగడం, మెరుగు పెట్టడం, రాత్రి కావలి కాయడం. ఆరంభ జీతం సాధారణంగా నెలకు రెండు వేల నుంచి మూడు వేల యూరోల మధ్య ఉంటుంది. నేటి మారకపు విలువలో అది రెండు లక్షల రూపాయలకు తగ్గదు. తిండి, పడక ఓడలోనే. అతిథులు తృప్తి చెంది ఇచ్చే బహుమానం అద్దెలో అయిదు నుంచి పదిహేను శాతం వరకు ఉండే ఆనవాయితీ ఉన్నది. అది సిబ్బంది అంతా పంచుకునే సొమ్ము. కానీ అది ఆనవాయితీయే తప్ప హక్కు కాదు. కనుక దానిని లెక్కలో చేర్చుకొని అప్పు చేయడం తగదు.

రేవులో నడిచే హక్కు

ఈ కొలువులు చాలావరకు కాగితపు దరఖాస్తుతో దొరికేవి కావు. అద్దె కాలానికి ముందు యువకులు రేవు గట్టు వెంబడి నడుస్తూ, ఒక్కొక్క ఓడ దగ్గర ఆగి పని అడుగుతారు. ఒకటి రెండు రోజులు దినకూలికి పని చూపి, కెప్టెన్ మెప్పు పొందినవారు కొలువులో కుదురుకుంటారు. అనగా ఈ వృత్తికి మొదటి అర్హత ఆ రేవులో నిలబడగలగడం.

ఇక్కడనే పాస్‌పోర్టు రంగు తేడా చూపిస్తుంది. భారతీయులకు ఫ్రాన్సులోనో స్పెయిన్‌లోనో అడుగుపెట్టడానికి ముందుగా షెంగెన్ వీసా కావాలి. పొట్టి కాలపు వీసా మీద ఏ నూట ఎనభై రోజులలోనైనా తొంభై రోజులకు మించి అక్కడ ఉండరాదు. పైగా విహారానికని వీసా తీసుకొని వెళ్లి పని చేయడం ఆ దేశాల చట్టం ప్రకారం తప్పు. పట్టుబడితే తిప్పి పంపుతారు. మరొకసారి వీసా దొరకడం కష్టమవుతుంది. 'ముందు టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ అన్నీ సర్దుకుంటాయి' అనే ఏజెంటు మాటలోని ప్రమాదం ఇదే.

సరిహద్దు తెలుగువారిలో ఈ అడ్డు లేనివారు కొందరున్నారు. 1956 నాటి ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు యానాంలో ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్న కుటుంబాలవారు. ఆ కుటుంబాలలో నేటికీ ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న యువకుడు ఆంటీబ్ రేవులో సొంత దేశస్థునిగా నడవగలడు. అదే తెలుగు మాట్లాడే ఇచ్ఛాపురం పిల్లవాడు, బరంపురం పిల్లవాడు అలా నడవలేడు. తేడా తెలివిలో లేదు, శ్రమలో లేదు. చేతిలోని కాగితంలో ఉన్నది. కావున భారత పాస్‌పోర్టు ఉన్నవారికి సరైన క్రమం ఒక్కటే. ముందు ఉద్యోగ ఒప్పందం, దాని ఆధారంగా వీసా, ఆ తరువాతనే ప్రయాణం.

చట్టం ఏమంటున్నది?

నావికుల హక్కులకు ప్రపంచమంతటా ఆధారమైనది 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక. అది 2013 ఆగస్టులో అమలులోకి వచ్చింది. భారతదేశం 2015లో దానిని ఆమోదించింది. దాని ప్రకారం కొలువు ఇప్పించినందుకు నావికుని నుంచి ఎలాంటి రుసుమూ వసూలు చేయరాదు. నావికుడు తన చేతి నుంచి పెట్టుకోదగిన ఖర్చులను కూడా ఒడంబడిక వేలు మడిచి చెప్పింది. వైద్య ధ్రువపత్రం, నావికుని పుస్తకం, పాస్‌పోర్టు వంటి ప్రయాణ పత్రాలు, అంతే. వీసా ఖర్చు సైతం ఓడ యజమానిదే. భారత ప్రభుత్వం 2016లో చేసిన నావికుల నియామక నియమాలు కూడా ఇదే బాటలో సాగి, నౌకాయాన డైరెక్టర్ జనరల్ లైసెన్సు లేనిదే ఎవరూ నావికులను కొలువులో కుదర్చరాదని నిర్దేశించాయి. ఈ లైసెన్సునే ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు.

శిక్షణ రుసుము వేరు, కొలువు రుసుము వేరు. ఈ రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా చెప్పడమే దళారుల నేర్పు. శిక్షణ సంస్థకు రుసుము చెల్లించి రసీదు పుచ్చుకోవడం న్యాయమే. 'జాయినింగ్' పేరిటనో, 'కంపెనీ ఖర్చు' పేరిటనో అడిగేది మాత్రం చట్టానికి విరుద్ధం. ఉదాహరణకు ఒక ఇంటివారు నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చి అటువంటివాని చేతిలో పోశారనుకుందాం. నెలకు వడ్డీయే ఆరు వేలు. పిల్లవాడు ఎనిమిది నెలలు పిలుపు కోసం ఎదురుచూస్తే నలభై ఎనిమిది వేలు. అసలు అలాగే ఉంటుంది. చట్టం ప్రకారం ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేని పనికి ఆ ఇల్లు మోసే బరువు అది.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. సముద్ర కార్మిక ఒడంబడిక వాణిజ్య కార్యకలాపాలలో ఉన్న నౌకలకు వర్తిస్తుంది. అద్దెకు తిరిగే యాట్ ఆ గొడుగు కిందికి వస్తుంది. యజమాని కేవలం తన విహారానికే ఉంచుకున్న యాట్ రాదు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. కానీ మొదటి దానిలో ఏ ఇరవై నాలుగు గంటలలోనైనా కనీసం పది గంటల విశ్రాంతి, వారానికి డెబ్బై ఏడు గంటల విశ్రాంతి, రాతపూర్వక ఒప్పందం, యజమాని ఖర్చుతో ఇంటికి చేర్చే బాధ్యత, ఇవన్నీ చట్టబద్ధమైన హక్కులు. రెండవ దానిలో ఒప్పందంలో రాసుకున్నది, ఆ ఓడ జెండా దేశపు చట్టం ఇచ్చినది తప్ప వేరే ఆసరా లేదు. కనుక 'జీతం ఎంత?' అనే ప్రశ్నకు ముందు 'ఈ ఓడ వాణిజ్య నౌకగా నమోదైనదా, సొంత విహార నౌకగానా, ఏ దేశపు జెండా?' అని అడగవలసి ఉన్నది.

ధనికుని తలరాతతో ముడిపడిన కొలువు

యాట్ సిబ్బంది బతుకు ఒక్క యజమాని స్థితిగతులతో ముడిపడి ఉంటుందని 2022 సంవత్సరం చాటి చెప్పింది. యుక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో రష్యా ధనికులకు చెందినవిగా భావించిన అనేక యాట్‌లను ఐరోపా దేశాలు తమ రేవులలో నిలిపివేశాయి. ఆంటిగ్వా దేశపు రేవులో 'ఆల్ఫా నీరో' అనే ఎనభై మీటర్లకు పైబడిన యాట్ యజమాని లేనిదై మిగిలింది. దాని నిర్వహణ భారం ఆ చిన్న దేశపు ప్రభుత్వం మీద పడగా, చివరకు 2024లో అమ్మివేశారు. కోట్లు ఖరీదు చేసే ఓడ కూడా దిక్కులేనిది కాగలదని దీనివల్ల తేలింది.

సరుకు ఓడలలో ఈ బెడద మరింత తీవ్రం. అంతర్జాతీయ రవాణా కార్మిక సమాఖ్య లెక్కల ప్రకారం 2024లో యజమానులు వదిలేసిన ఓడలు 300 దాటగా, అలా చిక్కుకున్న నావికులు 3,000కు పైబడ్డారు. దేశాల వారీగా చూస్తే వారిలో భారతీయులే అందరికంటే ఎక్కువగా ఉండటం గమనార్హం. ఇటువంటి సందర్భాల కోసమే 2017 జనవరి నుంచి ప్రతి వాణిజ్య నౌకకు ఆర్థిక పూచీ ఉండాలనే నిబంధన అమలులోకి వచ్చింది. దానివల్ల నాలుగు నెలల వరకు జీతపు బకాయి, ఇంటికి చేరే ఖర్చు రాబట్టుకోవచ్చు. ఆ పూచీ పత్రం ఓడలో అందరికీ కనబడేచోట అతికించి ఉండాలి.

ప్రాణభయం సంగతి చెప్పనే అక్కరలేదు. 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున ఇటలీలోని సిసిలీ తీరాన 'బేజియన్' అనే యాభై ఆరు మీటర్ల తెరచాప యాట్ గాలివానలో మునిగింది. అందులో ఉన్న 22 మందిలో ఏడుగురు మరణించారు. వారిలో ఒకరు ఓడ వంటమనిషి. విలాసం అతిథులది, సముద్రం అందరిదీ. అందుకే అగ్నిమాపకం, ప్రాణరక్షణ, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, ఓడ రక్షణ అంశాలలో ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ తప్పనిసరి చేశారు. శిక్షణకు వెళ్లకుండానే ధ్రువపత్రం ఇప్పిస్తామనేవాడు పిల్లవాని ప్రాణానికే ఎసరు పెడుతున్నాడు.

ఇంటివారు చేయదగినది

ఈ దారిలో పోదలచిన కుటుంబం ముందుగా చేయవలసినది తక్కువ ఖర్చుతో అయ్యే పని. గుర్తింపు పొందిన వైద్యుని చేత కన్ను, చెవి పరీక్ష చేయించాలి. రంగులు గుర్తించలేని లోపం ఉన్నవారికి డెక్ మీద కావలి పని దొరకదు. ఆ సంగతి శిక్షణ రుసుము కట్టిన తరువాత తెలిస్తే సొమ్ము వృథా. పదో తరగతి పూర్తయినవారికి నౌకాయాన డైరెక్టర్ జనరల్ ఆమోదించిన సంస్థలలో ఆరు నెలల జీపీ రేటింగ్ శిక్షణ ఉన్నది. వంట, వడ్డన పనుల వైపు మొగ్గేవారికి నౌకా వంట శిక్షణ ఉన్నది. ముందు సరుకు ఓడలోనో, ప్రయాణికుల ఓడలోనో ఒకటి రెండేళ్లు పని చేసి, నావికుని పుస్తకంలో ఆ అనుభవం నమోదైన తరువాత యాట్ వైపు చూడటం భారత పాస్‌పోర్టు ఉన్నవారికి నిలకడైన మార్గం.

ఎవరైనా కొలువు ఇప్పిస్తామన్నప్పుడు ఆర్‌పీఎస్‌ఎల్ సంఖ్య అడగాలి. ఆ సంఖ్యను డైరెక్టర్ జనరల్ వెబ్‌సైటులోని జాబితాతో సరిచూడాలి. ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాలలో ప్రభుత్వ నౌకా కార్యాలయాలు ఉన్నాయి. సందేహం వస్తే అక్కడికే నేరుగా రాయవచ్చు. సంఖ్య చెప్పడానికి తడబడినవాని దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మేలు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంటుంది. ఒడియా బడిలో చదివినా, తెలుగు బడిలో చదివినా ఆ పత్రాన్ని పంక్తి పంక్తి చదివి చెప్పగలిగిన వారు ఊరికొక్కరైనా ఉంటారు. వారి దగ్గర కూర్చుని యజమాని పేరు, ఓడ జెండా, జీతం, సెలవు, తిరుగు ప్రయాణపు ఖర్చు అనే అయిదింటిని చూపించమని అడగడంలో నామోషీ లేదు.

రంగూను ఓడ ఎక్కిన తాతముత్తాతలకు చదవడానికి ఒప్పందం లేదు, అడగడానికి చట్టం లేదు. వారి మునిమనుమలకు రెండూ ఉన్నాయి. కొలువు పిల్లవానిది, ఖర్చు యజమానిది అనే ఒక్క మాట ప్రతి ఇంటి అరుగు మీదా వినబడిన నాడు దళారి ఆటలు సాగవు. తోట కాగితాలు పెట్టెలోంచి తీయకముందే ఆ మాట గుర్తుకు రావాలి.