జత మీదే.. పగ్గం ఎవరి చేతికి?

పుష్యమాసం వస్తే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. ఒకపక్క పశువుల సంత, ఇంకోపక్క బండలాగుడు పోటీలు. ఆదోని, మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఊరి జాతర వచ్చిందంటే బండ కదలాల్సిందే. బిడ్డల మాదిరి సాకిన జతను నలుగురి ముందు నిలబెట్టాలని ఏ రైతుకు ఉండదు? అందులో తప్పులేదు. అయితే చేనిలో గుంటక తోలడం వేరు, డప్పుల మోతలో, జనం కేకల మధ్య బండ లాగించడం వేరు. అందుకే చాలామంది చేయి తిరిగిన తోలేవాడిని మాట్లాడుకుంటారు. పట్నాల్లో కుక్కల ప్రదర్శనలకు సైతం కుక్కను పట్టి నడిపించే మనిషిని డబ్బిచ్చి పెట్టుకుంటారు. అక్కడ తేడా వస్తే కప్పు పోతుంది. మనకు తేడా వస్తే ఆ ఏడు సేద్యమే పోతుంది.

మా పక్క ఊరి రైతు సంగతి చెబుతాను. మూడెకరాల మెట్ట, ఒక జత కోడెలు. ఉగాది పోటీకి పేరున్న తోలేవాడిని పిలిపించాడు. ఆయన ముందురోజు రాత్రి దిగాడు. జత మెడ కూడా తడిమి చూడలేదు. బరిలో బండ ఆగినప్పుడల్లా తోక మెలిపెట్టాడు, ముల్లుకర్రతో పొడిచాడు. మూడో బహుమతి వచ్చింది. తన వాటా తీసుకొని బస్సెక్కాడు. దాపటెద్దు భుజం వాచిపోయి ఏరువాక నాటికి కూడా కాడికి రాలేదు. పక్క చేలల్లో విత్తనం పడుతుంటే ఈ రైతు బాడుగ ట్రాక్టరు కోసం తిరిగాడు. పదును ఆరిపోయాక విత్తాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు.

అందుకే నా మాట ఒక్కటే. ఆ మనిషి ఎన్ని బహుమతులు కొట్టాడని అడగొద్దు. పోటీ మధ్యలో ఎన్నిసార్లు కాడి దించాడో అడగండి. ఎప్పుడూ దించలేదని గొప్పగా చెప్పేవాడికి మీ పగ్గం ఇవ్వొద్దు.

మంచివాడిని కనిపెట్టడం కష్టమేమీ కాదు. మాట ఇవ్వకముందే వేరే ఊళ్లో ఆయన తోలుతుండగా ఒకసారి పోయి చూడండి. బహుమతులు పంచే చోట నిలబడితే ఏమీ తెలియదు. పోటీ అయ్యాక జతను కట్టేసిన చోటికి పోండి. ఒంటిమీద వాతలు, ముల్లు గాట్లు ఉన్నాయా, మూకుతాడు దగ్గర రక్తం ఉందా చూడండి. ఆయన జతను చల్లబరిచి, కొద్దికొద్దిగా నీళ్లు పెట్టి పోతున్నాడా, దిగగానే డబ్బు లెక్కకు పోతున్నాడా గమనించండి. ఆ జత యజమానిని పక్కకు పిలిచి, తర్వాత వారం ఎడ్లు ఎట్లున్నాయో అడగండి.

మీ ఇంటికి వచ్చినవాడు మొదట చేయాల్సిన పని మెడ, భుజాలు, గిట్టలు తడమడం. గట్టి నేల మీద పది అడుగులు నడిపించి చూడటం. పళ్లు చూసి, జత ఏ విభాగంలో నిలబడుతుందో చెప్పడం. కనీసం రెండు మూడు వారాల ముందు నుంచి వచ్చి జతకు అలవాటు పడాలి. ముందురోజు వచ్చి ఉలవలు, గింజలు ఒక్కసారిగా దండిగా పెట్టమనేవాడు ఎద్దు కడుపు తెలియనివాడు. అలవాటు లేని గింజ ఎక్కువైతే పొట్టలో పులుపు పెరిగి మేత మానేస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. సారాయి తాపించమన్నా, సూది వేయిద్దామన్నా ఆ మనిషిని అక్కడి నుంచే పంపించేయండి.

బేరం ముందే తేల్చుకోండి. రోజు కూలి ఎంత, బహుమతిలో వాటా ఎంత, ఎద్దుకు దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది అన్నది ఇద్దరు పెద్దమనుషుల ముందు కాగితం మీద రాసుకోండి. అందులో ఒక మాట తప్పకుండా ఉండాలి. రైతు ఆపమంటే ఆపాలి. ఎద్దు నోరు తెరిచి రొప్పుతున్నా, నాలుక బయటపెట్టినా, చొంగ కారుస్తున్నా, అడుగు తడబడినా గడియారం వైపు చూడొద్దు. కాడి దించాల్సిందే.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పశువును హింసించి కొట్టడం, పుండుతోనో జబ్బుతోనో ఉన్నదానితో పని చేయించడం, హాని చేసే మందు ఇవ్వడం నేరం. తోలింది కూలిమనిషి కదా అని తప్పించుకోలేరు. తగిన జాగ్రత్త తీసుకోకపోతే యజమానీ నేరం చేసినట్టే లెక్క. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలు చెల్లవంది. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న సవరణ చట్టాలను సమర్థించింది. అవి ఆ మూడు రాష్ట్రాల చట్టాలు. కాబట్టి పేరు రాయించే ముందే అనుమతి కాగితం చూపించమని పోటీ పెట్టినవాళ్లను అడగండి. బరి దగ్గర పశువుల డాక్టరు ఉంటాడా అనీ అడగండి.

ఒక జాతరలో ముసలి తోలేవాడు ఒకాయన పేరు పిలిచేదాకా ఆగి, జత దగ్గరికి పోయి దాపటెద్దు కాలు పట్టుకొని చూశాడు. "ఈ పొద్దు వద్దులే అన్నా, కాలు బిగిసింది. ఇంటికి తోలుకపో" అన్నాడు. కూలి కూడా అడగలేదు. ఆ రైతు ముఖం మాడిపోయింది. జూన్‌లో నేను ఆ దారిన పోతుంటే అదే జత గొర్రు లాగుతోంది. ఆ రైతు నన్ను చూసి చేయెత్తి నవ్వాడు.

అట్లాంటి మనిషి మీ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడో ఉంటాడు. వెదకండి. దొరక్కపోతే ఈ ఏడు పోటీ మానుకోండి. జాతర మళ్లీ ఏడాదికి వస్తుంది. పదును మాత్రం మన ఎద్దు కాలు కుదిరేదాకా ఆగదు.