మొద్దు అనే మాట మన హాస్టల్లో వినపడకూడదు



మంచి మార్కులు తెచ్చుకున్నవారి ఫోటోలు వార్షిక సంచికల్లో వేస్తారు. వేయాల్సిందే. ఫోటో పడని పిల్లల గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి.

నోటిలెక్క చకచకా చెప్పే కుర్రాడు అదే లెక్క కాగితం మీద తప్పుతాడు. ఎనిమిదో తరగతికి వచ్చినా 'మ'కీ 'య'కీ తడబడతాడు. బోర్డు మీది పాఠం ఎక్కించుకునేలోపు బెల్లు కొడతారు. అలాంటివాడికి బడిలో 'మొద్దు' అని పేరు పడుతుంది, సాయంత్రానికి ఆ పేరు హాస్టల్‌కూ వస్తుంది. తొమ్మిదో తరగతిలో వాడు పెట్టె సర్దుకుని కూలికి పోతాడు. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' అంటారు. తెలివి తక్కువైతే వచ్చేది కాదిది. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీనికి చోటు లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి.

కృష్ణా డెల్టాలో పేదల పిల్లలకు అక్షరం నేర్పడంలో కతోలిక మిషన్ బడుల పాత్ర పెద్దది. బెజవాడ మేత్రాసనం 1937లో ఏర్పడింది. అంతకుముందే, 1924లో, ఫాదర్ అర్లాటి గుణదలలో బాధ్యత తీసుకున్నది అనాథ బాలల ఆశ్రమానికి. దిక్కులేని పిల్లలతో మొదలైన సంప్రదాయం వెనుకబడిన పిల్లవాణ్ణి టీసీ ఇచ్చి పంపకూడదు. ప్రతి మిషన్ హైస్కూల్లో ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కోరడం న్యాయమే.

'మాది మైనారిటీ బడి, చట్టం మాకు వర్తించదు' అనే మాట ఉంది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చిన మాట నిజం. ఆ తీర్పును పునఃపరిశీలించాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. అది ఎలా తేలినా 2016 చట్టం వేరు. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న అన్ని బడుల్లో వైకల్యం గల పిల్లలు తోటివారితో కలిసి చదివేలా చూడాలని, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌లో మైనారిటీ బడులకు మినహాయింపు రాయలేదు.

డబ్బు లేదనే మాటా ఉంది. ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. చిన్న బడి ఒక్కటే భరించలేకపోతే నాలుగు బడులు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటితో మాట్లాడవచ్చు.

బెజవాడలో మాంటిసోరి పేరు తెలియనివారు లేరు. ఇటలీ దేశపు ఆ డాక్టరమ్మ మొదట పనిచేసింది మందమతులని పక్కన పెట్టిన పిల్లలతోనే. ఆ పద్ధతులనే 1907లో రోమ్ పేటల్లోని మామూలు పిల్లలకు వాడి ఫలితం చూపించింది. వెనుక బెంచీ కోసం కనిపెట్టిన పాఠం తరగతి మొత్తానికి పనికొస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇక మన వంతు. ఇంట్లో ఉండే పిల్లవాడి కష్టం అమ్మ కనిపెడుతుంది. మన తల్లిదండ్రులు నాట్లలో, కోతల్లో ఉంటారు, పండక్కి గానీ రాలేరు. బడి వార్డెన్‌ గారిని అడగమంటుంది, వార్డెన్‌ గారు బడిని అడగమంటారు. ఈ రెండు గడపల మధ్యే పిల్లవాడు జారిపోతున్నాడు. అందుకు నా సూచనలు ఇవి:

వెనుకబడిన ప్రతి పిల్లవాడికీ ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. బడి, హాస్టల్ ఇద్దరూ రాసే ఒక నోటుబుక్కు పెట్టాలి. పదో తరగతి పరీక్షకు లేఖకుడు, అదనపు సమయం కావాలంటే కాగితాల పని తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి. రాత్రి స్టడీ అవర్‌లో పెద్ద తరగతి అన్నలు పాఠం పైకి చదివి వినిపించాలి. ఉపాధ్యాయులైన పూర్వ విద్యార్థులు నెలకొక ఆదివారం ఇవ్వాలి.

వీటిలో చాలావాటికి జీవో అక్కర్లేదు. తమ్ముళ్లారా, పక్క మంచం మీది మిత్రుణ్ణి ఇకనుంచి పేరు పెట్టి పిలవండి. వాడికి రేపటి పాఠం ఈ రాత్రే చదివి వినిపించండి.