తల్లిదండ్రుల పిదప ఎవరు?

బిడ్డకు జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరింతురు. అదే బిడ్డకు మతి చలించినచో ఆ యింటి తలుపులు మూతపడును. శరీరవ్యాధికి సానుభూతిని, మనోవ్యాధికి అపవాదును పంచిపెట్టుట లోకరీతి. ఈ రీతివలన రోగితోపాటు కన్నవారును కృంగిపోవుచున్నారు.

మైదుకూరు నాలుగు దారుల కూడలి. కడపకు, నంద్యాలకు, ప్రొద్దుటూరునకు, బద్వేలునకు ఇచటినుండి దారులున్నవి. ఈ చుట్టుపట్ల పల్లెలలో ఇరువది ఏండ్ల కుమారుడు చదువు మాని, నిద్ర మాని, తనలో తాను మాట్లాడుకొనసాగినచో ఆ కుటుంబము మొదట ఏ దారి పట్టును? గాలి సోకినదని ఒకరు, చేతబడి యని వేరొకరు, పెండ్లి చేసిన కుదురుకొనునని మరియొకరు చెప్పుదురు. తాయెత్తులతో ఏండ్లు గడచును. ఉన్న అరయెకరము చేయిజారును. పెండ్లి పేరిట మరియొక ఆడుబిడ్డ బ్రదుకు చిక్కులో పడును. వైద్యుని చేరునప్పటికి వ్యాధి ముదిరియుండును. దైవభక్తి తప్పు కాదు. మ్రొక్కు మ్రొక్కుకొని మందును కూడ వేయించుడని చెప్పు పెద్దలు కరవగుటయే తప్పు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మనోవ్యాధిగ్రస్తులలో నూటికి డెబ్బదిమందికి పైగా చికిత్సకు దూరముగా ఉన్నట్లు తేలినది.

పెంపకము చెడినందువలననే ఇట్లయినదను నింద పల్లెలకు మాత్రమే చెందినది కాదు. స్కిజోఫ్రీనియాకు తల్లి ప్రవర్తనయే మూలమను భావము 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రొమ్ రైష్మన్ అను ప్రసిద్ధ వైద్యురాలి రచనలో చోటు చేసికొన్నది. తరువాత దశాబ్దములపాటు ఎందరో తల్లులు ఆ నిందను మోసిరి. పరిశోధనలు ఆ భావమును త్రోసివేసినవి. వంశపారంపర్య లక్షణములు, మెదడు ఎదుగుదల, పరిసరములు కలిసి ఈ వ్యాధికి తావిచ్చునే గాని, తల్లి పెంపకము దీనిని పుట్టింపదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

కుటుంబమును దోషిగా గాక తోడుగా చూచిన వైద్యులు మన దేశముననే ఉండిరి. 1950 దశకమున అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారములు వేయించి, రోగుల బంధువులను వారి చెంతనే ఉంచెను. మన చిత్తూరు సరిహద్దునకు చేరువనున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక వైద్యకేంద్రములో 1957 నుండియు బంధువులు రోగివెంట ఉండు పద్ధతి సాగినది. మన పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకే మానసిక చికిత్సలో శిక్షణ నిచ్చెను. ఆ అనుభవమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు పునాది యయ్యెను. మెదకు జిల్లా అందు మొదటి నాలుగింటిలో ఒకటి. వైద్యము పల్లెకు నడచిరాగలదని బళ్ళారి నిరూపించినది.

2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో బంధింపబడియున్న రోగులు పారిపోజాలక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో బంధింపరాదని శాసించినది. ఇది ధర్మమైన శాసనము. కాని ఇంట బిడ్డను కట్టివేయు తల్లిని క్రూరురాలని తీర్పు చెప్పుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆమె కూలికి పోయిన వేళ ఆ బిడ్డకు కావలి ఎవరు? ఆ చట్టమే, ప్రభుత్వ జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్యకేంద్రము మొదలుకొని ఉచితముగా లభింపవలెననియు, కోలుకొనుచున్నవారికి ఆశ్రయగృహములు ఏర్పడవలెననియు చెప్పినది. గొలుసు విప్పుమను ఆజ్ఞ వెంటనే అమలు కావలెనన్నచో, మందును ఆశ్రయమును ఇచ్చు చేయి కూడ అంతే వేగముగా ముందుకు రావలెను.

మైదుకూరు వంటి పట్టణములో మనోవైద్యుడు నియతముగా రోగులను చూచు దినము ఉండవలెను. నెలనెల మందు తప్పకుండ దొరకవలెను. ఈ వ్యాధులలో పెక్కింట మందు ఆగినచో వ్యాధి తిరుగబెట్టును. 2016 వికలాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధిని కూడ వైకల్యముగా గుర్తించినది. అర్హులకు ధ్రువపత్రము కడప చుట్టు త్రిప్పకుండ అందింపవలెను. పగటివేళ రోగులు చేరి చేతిపని నేర్చుకొను తావు ఒకటి ఉన్నను, ఎందరో తల్లులు నిశ్చింతగా పనికి పోగలరు. తక్షణ సలహాకు 2022లో ప్రారంభమైన టెలిమానస్ సంఖ్య 14416 ఉన్నది. దానిని ప్రతి గ్రామ సచివాలయపు గోడమీద వ్రాయించుట భారము కాదు.

ఇరువది ఏండ్ల కుమారుని సాకు తండ్రికి నలుబది యైదు ఏండ్లు. ఆ కుమారుడు నలుబదియవ ఏట అడుగిడునాటికి తండ్రి వృద్ధుడు. “మా పిదప వీనికెవరు?” అని ఆ దంపతులు రాత్రివేళ ఒకరినొకరు అడుగుకొనుచునే యుందురు. తోడబుట్టినవారు ఒకరిద్దరు ముందుకు రావచ్చును, రాకపోవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది ఆ దంపతులు కారు, ఊరును ప్రభుత్వమును. ఆ జవాబు వారి కన్నులు మూతపడకముందే వినిపింపవలెను.