నాయకులను సిద్ధపఱచుట

మన పాఠశాలలో ఏటేటను జూను మాసమున తరగతి మానిటర్ల నెన్నుకొనుట ఆచారముగా నున్నది. ఎన్నిక యనుట పేరునకే. పరీక్షలలో మొదటి స్థానము నందిన బాలుని ఉపాధ్యాయుడు నిలువబెట్టును, తక్కినవారు చేతులెత్తుదురు. అతడు అల్లరి చేయువారి పేర్లు నల్లబల్లపై వ్రాయును, సుద్దముక్కలు తెచ్చును, ఉపాధ్యాయుడు రాగానే కూర్చుండును. ఇతనికి నాయకుడని పేరిడితిమి. నా యభిప్రాయమున నితడు మనకు సహాయకుడే కాని తరగతికి నాయకుడు కాడు.

ఈ దోషమున నాకును పాలు గలదు. మన సాహితీ సంఘమును ఏడేండ్లు నేనే నడిపితిని. ఉపన్యాసకులను పిలిచినది నేను, కార్యక్రమము వ్రాసినది నేను. కుర్చీల వరుసలు సైతము నేనే సరిచూచితిని. నలుగురును మెచ్చిరి; నేనును మురిసితిని. ఒక యేట విషజ్వరము తగిలి మూడు వారములు మంచము పట్టితిని. ఆ మూడు వారములలో ఒక్క సభయు జరుగలేదు. కార్యదర్శియగు బాలుని అడుగగా, “మీరు చెప్పలేదు గద, సార్” అనెను. వానియందు తప్పేమున్నది? సంఘమును పెంచితిని గాని, దానిని నడపగల యొక్కని నైనను పెంచలేదు.

ఈ విషయమున దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి చరిత్రము మనమెల్లరము చదువదగినది. వారు 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన తమిళులు. 1909లో దోర్నకలునకు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయిరి. వారి కప్పగింపబడిన సంఘములో అణగద్రొక్కబడిన కులముల నిరుపేదలే మెండు. అక్షరము లెఱుగనివారు పెక్కురు. మఱియొకరైనచో, ముందు చదువు రానిండు, బాధ్యత పిమ్మట నిత్తము అని యుందురు. వారు బాధ్యతనే ముందుగా నిచ్చిరి. బాప్తిస్మము పొందు ప్రతివాడును తన చేతిని తన తలపై నుంచుకొని, సువార్త చాటుట తన విధి యని పలుకవలె నని వారు నియమించి రందురు. నిన్నటివఱకు ఎవరును లెక్కచేయని కూలివానికి ఆ క్షణముననే యొక పని దొరకినది! సంఘసేవకై శిక్షణ పొందువారి భార్యలకును శిక్షణ మిప్పించిరి. 1935 నాటికి ఆ మండలమున సుమారు 250 మంది భారతీయ గురువులును, 2,000కు పైగా గ్రామోపాధ్యాయులును ఉండిరి. 1945 జనవరి 1న వారు కన్నుమూసిరి, పని యాగలేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు దోర్నకల్ మండలమును అందు చేరెను. నా మూడు వారముల జ్వరమును దీనితో పోల్చుకొని సిగ్గుపడితిని.

మన పసుపు రైతుల సంగతియు చూడుడు. 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే. కొందఱు నవ్విరి. నేను నవ్వలేదు. నామపత్రము నింపుట, ధరావతు కూడబెట్టుట, అధికారి యెదుట మాటాడుట—ఇవి యొకే నాయకుడు చేసి యుండినచో తక్కినవారు చూచువారే యగుదురు. పైగా నొక్కని బుజ్జగింపవచ్చును, బెదరింపవచ్చును, అందఱి నెట్లు? 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన జిల్లాకు వచ్చినది. దానికి కారణములు పెక్కు గలవు గాని, ఆ నామపత్రములు వృథా యయినవని నే ననను.

అట్లని అధికార మిచ్చి ఊరకుండరాదు. మన ప్రాంతపు గ్రామాభివృద్ధి కమిటీలు చేసిన మేలు లున్నవి. అవియే కొన్ని యెడల ఎదురాడిన కుటుంబములను వెలివేసిన వార్తలును వినుచున్నాము. లెక్క యడుగువారు లేనిచోట నాయకత్వ మిట్లే చెడును.

కావున ఈ యేడు సాహితీ సంఘమును, గణితములో తప్పిన యొక తొమ్మిదవ తరగతి బాలికకు అప్పగించితిని. నెలకొకసారి లెక్క చదివి వినిపింపవలెననుట ఒక్కటే నియమము. మొదటి సభ నలువది నిమిషము లాలస్యముగా మొదలైనది. అతిథికి మంచినీళ్లిచ్చువారు లేరు. నేను వెనుక బల్లపై కూర్చుండి, లేవకుండ నుండుటకు మిక్కిలి కష్టపడితిని. రెండవ సభ పది నిమిషములే యాలస్యము. లెక్కలో పండ్రెండు రూపాయలు తగ్గినవి. ఏడవ తరగతి పిల్లవాడొకడు లేచి, అవి యేమైన వని యడిగెను. ఆ సంగతి యింకను తేలలేదు. వచ్చే శుక్రవారము వారే విచారించుకొందురట.